హైదరాబాద్ నుంచి డాలస్‌కి: విమాన దూరం, ప్రయాణ సమయం – తరచుగా అడిగే ప్రశ్నలు

శంషాబాద్‌లో ఎక్కి డాలస్‌లో దిగేదాకా ఎంత దూరం, ఎన్ని గంటలు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. ఎవరూ అబద్ధం చెప్పరు, ఒక్కొక్కరు లెక్కపెట్టేది ఒక్కోటి, అంతే. కిలోమీటర్లు మన చేతిలో లేవు. గంటలు మాత్రం చాలావరకు మనం కొనే టికెట్‌ని బట్టే ఉంటాయి. మొదటిసారి బయల్దేరుతున్న అమ్మానాన్నలు, వాళ్ళకు అక్కడి నుంచి టికెట్లు తీసే పిల్లలు, చదువుకు వెళ్ళే విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి.

హైదరాబాద్ నుంచి డాలస్‌కి విమాన దూరం ఎంత?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి డాలస్–ఫోర్ట్ వర్త్ విమానాశ్రయానికి అతి దగ్గరి దారిన దాదాపు 14,400 కి.మీ. మైళ్ళలో సుమారు 8,960. భూమి చుట్టుకొలత 40,075 కి.మీ. కాబట్టి భూమ్మీద ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా దూరం మహా అయితే 20,000 కి.మీ.కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందులో నూటికి 72 వంతులు మనం వెళ్తున్నామన్నమాట.

అయితే ఈ 14,400 కి.మీ. దారిలో నేరుగా వెళ్ళే విమానం లేదు. మధ్యలో ఒక ఊళ్ళో దిగి మారాల్సిందే. అందువల్ల ఎక్కువమంది వెళ్ళే పడమటి దారుల్లో నిజంగా ప్రయాణించే దూరం 15,350 నుంచి 15,700 కి.మీ. దాకా ఉంటుంది.

ఒక్కో సైట్ ఒక్కో దూరం చూపిస్తుందేం?

కొన్ని చార్మినార్ దగ్గర నుంచి డాలస్ డౌన్‌టౌన్ దాకా కొలుస్తాయి, కొన్ని రన్‌వే నుంచి రన్‌వేకి. కొన్ని భూమిని సరైన గోళంగా తీసుకుంటాయి, కొన్ని ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన అసలు ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. ఇంకొన్ని మధ్యలో ఆగే ఊరిని కూడా కలిపి చెబుతాయి. పది, ఇరవై కిలోమీటర్ల తేడా వస్తే పట్టించుకోకండి. వెయ్యి కి.మీ. తేడా కనిపిస్తే మాత్రం అది వన్ స్టాప్ దారి లెక్క అని అర్థం.

అమెరికా మనకి పడమరన ఉంది కదా, మ్యాప్‌లో విమానం ఉత్తరానికి పోతోందేంటి?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. గోడ మీద మ్యాప్ చూసి చాలామంది అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి వెళ్తామనుకుంటారు. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిచేసరికి ఉత్తరాన ఉన్న దేశాలన్నీ సాగిపోయి, దగ్గరి దారి దూరంగా కనిపిస్తుంది.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస, డాలస్ మీద ఇంకో కొస పెట్టి బిగించి లాగండి. దారం దానంతటదే జారి ఉత్తర ధ్రువం పక్కకి వెళ్ళి కూర్చుంటుంది. హైదరాబాద్ సుమారు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పశ్చిమం మీద. రెండూ కలిపితే 175. అంటే ధ్రువం మీద నిలబడి చూస్తే ఈ రెండు ఊళ్ళూ దాదాపు ఎదురెదురుగా ఉన్నట్టే. లెక్క వేస్తే ఈ దారి 85 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా వెళ్తుంది, అంటే ధ్రువానికి సుమారు 500 కి.మీ. దగ్గరికి. మధ్య ఆసియా, సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం, కెనడా మంచు దీవులు దాటుకుని టెక్సస్‌లోకి దిగుతుంది.

దోహా నుంచి డాలస్ వెళ్ళే విమానానికి అంత ఉత్తరానికి పోవాల్సిన పని లేదు. దాని దగ్గరి దారి 64 డిగ్రీల అక్షాంశం దాకానే వెళ్తుంది. ఐరోపా మీదుగా ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ వైపు వెళ్ళి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. సీటు ముందున్న తెరలో మ్యాప్ పెట్టుకుని, గ్రీన్‌లాండ్ దగ్గరపడే సమయానికి పగలైతే కిటికీ తెర ఒక్కసారి పైకెత్తండి. మబ్బులు లేకపోతే కింద మంచు కొండలు, గడ్డకట్టిన తీరం కనిపిస్తాయి. పక్కవాళ్ళు నిద్రపోతుంటే కాస్త చూసి దించేయండి.

అమెరికా సరిగ్గా మన కాళ్ళ కింద ఉంటుందని కూడా అంటుంటారు. అది నిజం కాదు. హైదరాబాద్‌కి సరిగ్గా అవతలి వైపు ఉన్నది పెరూకి పడమరన పసిఫిక్ నడిసముద్రం.

నేరుగా విమానం ఎందుకు లేదు? అంత దూరం ఎగరలేవా?

ఎగరగలవు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి దాదాపు 15,300 కి.మీ. ఆగకుండా వెళ్ళే విమానం ఉంది. అది పద్దెనిమిదిన్నర గంటలు దాటిన ప్రయాణం. దాంతో పోలిస్తే హైదరాబాద్–డాలస్ తక్కువే. నేరుగా ఎగిరితే గాలిని బట్టి 17 గంటల చుట్టుపక్కల పడుతుంది.

చిక్కు డబ్బుల దగ్గర. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఆ దారిలో నడిపే ప్రత్యేకమైన ఎయిర్‌బస్ ఏ350 విమానంలో ఉన్నవి 161 సీట్లే: 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ అసలు లేదు. అంత దూరానికి ఇంధనం నింపుకోవాలంటే బరువు తగ్గించాలి, తగ్గిన సీట్ల ఖరీదు మిగతావాళ్ళ దగ్గర రాబట్టాలి. మన రూట్లో ఎక్కేది ఎవరు? రెండేసి 23 కిలోల పెట్టెలతో విద్యార్థులు, మనవల్ని చూడటానికి వెళ్ళే పెద్దవాళ్ళు, సెలవులకి వచ్చివెళ్ళే కుటుంబాలు. విమానం నిండుతుంది కానీ ఎక్కువమంది ఎకానమీ కోసమే చూస్తారు. ఎయిర్‌లైన్లు వెనకాడేది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఒకసారి ప్రయత్నం జరిగింది కూడా. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా బోయింగ్ 777 నడిపింది. అది 13,300 కి.మీ. దూరం. ఆ సర్వీసు తర్వాత ఆగిపోయింది.

సరే, మొత్తం ఎన్ని గంటలు పడుతుంది?

మంచి వన్ స్టాప్ టికెట్ అయితే వెళ్ళేటప్పుడు 22 నుంచి 25 గంటలు. వచ్చేటప్పుడు 21 నుంచి 24. రెండు స్టాపులైతే 27 నుంచి 35, కొన్ని చౌక టికెట్లలో ఇంకా ఎక్కువ. ఇందులో గాల్లో ఉండేది 20 గంటల చుట్టూనే. మిగతాదంతా మధ్య ఊళ్ళో కుర్చీలో కూర్చోవడమే.

ఏ ఊరి మీదుగా వెళ్తే మేలు?

ఎక్కువమంది వెళ్ళేది దోహా లేదా దుబాయ్ మీదుగా. కారణం సులువు: ఈ రెండు చోట్ల నుంచీ డాలస్‌కి నేరుగా పెద్ద విమానం ఉంది. హైదరాబాద్ నుంచి దోహా 2,900 కి.మీ., సుమారు నాలుగుంపావు గంటలు. అక్కడి నుంచి డాలస్ 12,750 కి.మీ., 16 గంటల చుట్టూ. దుబాయ్ అయితే మొదటిది ఇంకాస్త చిన్నది, 2,550 కి.మీ. రెండోది 12,900 కి.మీ. పైమాట. రెండింట్లోనూ ఒకే ఇబ్బంది: ఆ రెండో విమానం. 16 గంటలు ఒకే సీట్లో అంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నరకమే.

అందుకే పెద్దవాళ్ళకి కొందరు లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ ఎంచుకుంటారు. హైదరాబాద్–లండన్ 7,750 కి.మీ., లండన్–డాలస్ 7,630 కి.మీ. రెండూ పదేసి గంటల ప్రయాణాలు, దారి సరిగ్గా మధ్యకి విరిగినట్టు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,100, 8,250. కూర్చునే బాధ తగ్గుతుంది. కానీ ఐరోపా విమానాశ్రయాల్లో మళ్ళీ సెక్యూరిటీ చెకింగ్, లండన్‌లో ఒక్కోసారి బస్సెక్కి టెర్మినల్ మారడం, అక్కడ తెలుగో హిందీయో మాట్లాడే మనిషి దొరికే అవకాశం తక్కువ కావడం ఉంటాయి. దోహా, దుబాయ్‌లలో ఏ మూల నిలబడినా మన భాష వినిపిస్తుంది. ఇంగ్లీష్ రాని అమ్మానాన్నలు ఇద్దరే వెళ్తుంటే నేను గల్ఫ్ వైపే మొగ్గుతాను. ఇంగ్లీష్ ఇబ్బంది లేకుండా, నడుం నొప్పి మాత్రం ఉంటే ఐరోపా.

తూర్పు వైపు నుంచి కూడా వెళ్ళొచ్చు. హాంకాంగ్ మీదుగా అయితే 3,750, ఆపైన 13,050, మొత్తం 16,800 కి.మీ. దూరం ఎక్కువే అయినా పసిఫిక్ మీద వెనక నుంచి గాలి తోస్తుంది కాబట్టి గంటలు అంతగా పెరగవు. టికెట్ బాగా తక్కువకి దొరికితేనే ఆలోచించండి.

న్యూయార్క్‌, షికాగో లాంటి అమెరికా ఊళ్ళో దిగి, లోకల్ విమానం ఎక్కి డాలస్ వచ్చే టికెట్లు కూడా కనిపిస్తాయి. ఇమ్మిగ్రేషన్ మొదట దిగిన ఊళ్ళోనే అయిపోతుంది. పెట్టెలు అక్కడే బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్ళీ అప్పగించాలి. ఇది తెలియక పెట్టెలు డాలస్‌లోనే వస్తాయనుకుని ముందుకెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇలాంటి టికెట్ తీయకపోవడమే మంచిది.

టికెట్ మీద టైములు చూసి గంటలు ఎలా లెక్కపెట్టాలి?

టికెట్ మీద ఉండేవన్నీ ఆయా ఊళ్ళ టైములు. మన దేశం కంటే డాలస్ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. మనకి ఆ అలవాటు లేదు కాబట్టి తేడా మారుతుంది.

ఉదాహరణకి జులైలో తెల్లవారుజామున 4 గంటలకి శంషాబాద్‌లో ఎక్కారనుకుందాం. నాలుగుంపావు గంటల తర్వాత మన టైము 8.15కి దోహాలో దిగుతారు. దోహా మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి అక్కడ గోడ గడియారం 5.45 చూపిస్తుంది. 8 గంటలకి డాలస్ విమానం. 16 గంటల తర్వాత దోహాలో అర్ధరాత్రి 12, డాలస్‌లో అదే రోజు సాయంత్రం 4. కాగితం మీద చూస్తే తెల్లవారుజామున ఎక్కి సాయంత్రానికి దిగినట్టు, పన్నెండు గంటలే. దానికి పదిన్నర కలపండి: ఇరవై రెండున్నర గంటలు. అసలు ప్రయాణం అదీ.

ఎప్పుడైనా ఇంతే. వెళ్ళేటప్పుడు టికెట్ మీది తేడాకి పదిన్నర (చలికాలంలో పదకొండున్నర) కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి.

వచ్చేటప్పుడు ఒక రోజు ఎక్కడికి పోతుంది?

ఎక్కడికీ పోదు, వెళ్ళేటప్పుడు మిగిలింది తిరిగి కట్టేస్తాం. సోమవారం సాయంత్రం 7కి డాలస్‌లో ఎక్కితే, పద్నాలుగున్నర గంటలు ఎగిరి మంగళవారం సాయంత్రం ఐదున్నరకి దోహాలో దిగుతారు. మూడు గంటలు ఆగి మళ్ళీ ఎక్కితే హైదరాబాద్ చేరేది బుధవారం తెల్లవారుజామున 3 గంటల లోపు. ప్రయాణం 21 గంటల చిల్లరే. విమానాశ్రయానికి వచ్చే బంధువులకి "బుధవారం తెల్లవారితే" అని కాకుండా "మంగళవారం రాత్రి పడుకోకుండా బయల్దేరండి" అని చెప్పండి. తేదీ తేడాతో ఒక రోజు ఆలస్యంగా వచ్చిన కార్లు చాలానే ఉన్నాయి.

వెళ్ళేటప్పుడు కంటే వచ్చేటప్పుడు తక్కువ సమయం ఎందుకు?

విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వేగంగా వీచే గాలులుంటాయి. వీటిని జెట్ స్ట్రీమ్ అంటారు. అమెరికా వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. చలికాలంలో ఈ గాలులు మరీ బలంగా ఉంటాయి. దోహా–డాలస్ మధ్య ఒక్కదాంట్లోనే గంట, గంటన్నర తేడా కనిపిస్తుంది.

మా వాళ్ళు వెళ్ళినప్పటి టైముకీ ఇప్పటి టైముకీ పొంతన లేదు. ఎందుకు?

గాలి ఒక కారణం, రాజకీయాలు ఇంకో కారణం. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా ఎయిర్‌లైన్లకి రష్యా గగనతలం మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ ఎయిర్‌లైన్లకి మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమరకి వెళ్ళే మన విమానాలు చుట్టు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. 2025 జూన్‌లో ఇరాన్ దాడి సమయంలో ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేస్తే దోహా వెళ్తున్న విమానాలు వేరే ఊళ్ళకి మళ్ళాయి. టికెట్ తీసినప్పటి టైము ప్రయాణం నాటికి మారుతుంది కాబట్టి బయల్దేరే ముందు వారం ఒకసారి, ముందు రోజు ఒకసారి ఎయిర్‌లైన్ యాప్‌లో చూసుకోండి.

లేఓవర్ (మధ్య ఊళ్ళో రెండో విమానం కోసం ఆగే సమయం) ఎంత ఉండాలి?

రెండున్నర నుంచి నాలుగు గంటలు. నన్నడిగితే పెద్దవాళ్ళకి మూడుకి తగ్గొద్దు. గంటా పది నిమిషాల లేఓవర్ ఉన్న టికెట్‌ని కూడా ఎయిర్‌లైన్ అమ్ముతుంది, అది అమ్మిందంటే కుదురుతుందనే అర్థం. కానీ హైదరాబాద్ విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే మీకు మిగిలేది అరగంట, ఆ అరగంటలో వీల్‌చైర్ వచ్చేదాకా ఆగాలి, అమెరికా విమానాలకి గేటు దగ్గర ఇంకోసారి పాస్‌పోర్టు, బ్యాగుల చెకింగ్ ఉంటుంది. ఆ టెన్షన్ ఎందుకు?

ఎనిమిది గంటలు దాటిన లేఓవర్ కూడా వద్దు. పదివేలు మిగులుతాయని పన్నెండు గంటల లేఓవర్ తీసుకుంటే, ఆ రాత్రంతా కుర్చీల్లో వంకర్లు తిరిగి, తిండికి ఖర్చుపెట్టి, ఆపైన పదహారు గంటల విమానం ఎక్కాలి.

రెండు వేర్వేరు టికెట్లు తీసుకుంటే చౌకగా వస్తోంది. తీసుకోవచ్చా?

వద్దు. మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదు, కొత్త టికెట్ మీరే కొనుక్కోవాలి. ఒకే బుకింగ్‌లో ఉంటే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్ళది, మధ్యలో దిగేది అమెరికా ఊరు కాకపోతే పెట్టెలు కూడా నేరుగా డాలస్ దాకా వెళ్తాయి.

మధ్య ఊళ్ళో వీసా కావాలా?

దోహా, దుబాయ్‌లలో విమానాశ్రయం దాటి బయటికి రాకపోతే అక్కర్లేదు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే విమానం మారడానికి ఇబ్బంది ఉండదు.

చిక్కంతా అమెరికా నుంచి వచ్చేటప్పుడు. హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్న కొందరికి పాస్‌పోర్టులో వీసా గడువు తీరిపోయి, ఐ-797 (అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆమోదపత్రం) మాత్రమే చెల్లుబాటులో ఉంటుంది. స్టాంపింగ్‌కే, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడానికే ఇండియా వస్తుంటారు. అలాంటివాళ్ళు ఐరోపా మీదుగా టికెట్ తీసే ముందు ఆ దేశపు ట్రాన్సిట్ నిబంధన ఏంటో ఎయిర్‌లైన్‌ని, ఆ దేశ కాన్సులేట్ సైట్‌ని చూసి ఖాయం చేసుకోవాలి. ఆ రూల్స్ మారుతుంటాయి. గల్ఫ్ మీదుగా వస్తే ఈ తలనొప్పే లేదు.

అమ్మానాన్నలకి ఇంగ్లీష్ రాదు. ఇద్దరే వెళ్ళగలరా?

హాయిగా వెళ్ళగలరు, ఏటా వేలమంది వెళ్తున్నారు. టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ అడగండి, దానికి డబ్బు తీసుకోరు. నడవగలిగినవాళ్ళు కూడా ఎందుకు అడుగుతారంటే, శంషాబాద్ కౌంటర్ నుంచి డాలస్‌లో పెట్టెల బెల్టు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే మనిషి ఉంటాడని. నిజంగా అవసరమైనవాళ్ళకి కుర్చీలు దొరక్కుండా పోతున్నాయన్న విమర్శ ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. మోకాళ్ళు బాగున్న, నాలుగు ఇంగ్లీష్ ముక్కలు వచ్చినవాళ్ళు నడిచి వెళ్ళడమే పద్ధతి.

ఒక కాగితం రాసివ్వండి. పైన తెలుగులో, కింద ఇంగ్లీష్‌లో: ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్, ఎన్నాళ్ళు ఉంటారు, తిరుగు టికెట్ తేదీ, మందుల పేర్లు. డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ అధికారి అడిగేవి ఇవే. కావాలంటే తెలుగు దుబాసీని ఫోన్లో కలుపుతారు, అడగడానికి మొహమాటపడొద్దని చెప్పండి. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఫోన్లో ఉన్న అడ్రస్ ఎందుకూ పనికిరాదు, అందుకే కాగితం.

శాకాహారం దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ కనీసం 24 గంటల ముందు బుకింగ్‌లో ఎంచుకోవాలి. ఆసియన్ వెజిటేరియన్ లేదా ఇండియన్ వెజిటేరియన్ అని ఉన్నది తీసుకోండి. "హిందూ మీల్" అని కనిపిస్తే శాకాహారమనుకుని టిక్ పెట్టేస్తారు చాలామంది. ఎన్నో ఎయిర్‌లైన్లలో అది మాంసాహారం, గొడ్డుమాంసం లేనిది అంతే. ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్ళకి జైన్ మీల్ ఉంటుంది.

దారిలో తినడానికి పులిహోర, చపాతీలు, పూతరేకులు క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టుకోవచ్చు. విమానం దిగేలోపు తినేయండి.

పచ్చళ్ళు, పొడులు తీసుకెళ్ళొచ్చా?

ప్రయాణ సమయంతో దీనికేం సంబంధం అనకండి. డాలస్‌లో దిగాక గంటలో బయటపడతారా, రెండు గంటలు పడుతుందా అనేది పెట్టెలో ఏముందన్న దాని మీదే ఉంటుంది.

ఆవకాయ, మాగాయ, గోంగూర లాంటి శాకాహార పచ్చళ్ళకి మామూలుగా అడ్డు చెప్పరు. చికెన్, మటన్ పచ్చళ్ళు పెట్టకండి, మాంసం కలిసినవి తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు కుదరదు. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసుకొచ్చే పురుగుల భయం వాళ్ళది. పళ్ళు కుదరవు, మామిడిపండు మరీను. పెరట్లో వేసుకుందామని బీర, తోటకూర విత్తనాలు కొంగున కట్టుకెళ్ళే అమ్మలున్నారు, దానికి కూడా ధ్రువపత్రం కావాలి. తినే వస్తువులున్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పాలి. ఉన్నాయని చెప్తే మహా అయితే తీసి పారేస్తారు. లేవని చెప్పి దొరికితే జరిమానా.

పచ్చడి సీసా మూత మీద పాలిథిన్ కవరు పరిచి బిగించండి, దాని మీద టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టి, పాత తువ్వాలులో చుట్టి పెట్టె మధ్యలో ఉంచండి. పైన ఖాళీ కొంచెం వదలాలి. అంచుదాకా నూనె పోస్తే ఎంత టేపు వేసినా కారుతుంది. పచ్చళ్ళు, నెయ్యి క్యాబిన్ బ్యాగ్‌లో వద్దు, 100 మి.లీ. రూలు వాటికీ వర్తిస్తుంది. కందిపొడి, కారప్పొడి కూడా చెక్-ఇన్ పెట్టెలోనే. అమెరికా వెళ్ళే విమానాల్లో 350 మి.లీ. మించిన పొడులు చేతి బ్యాగులో ఉంటే 2018 నుంచి విడిగా తనిఖీ చేస్తున్నారు. పవర్ బ్యాంక్ మాత్రం దీనికి తిరగబడి: చేతి బ్యాగులోనే ఉండాలి.

షుగర్, బీపీ ఉన్నవాళ్ళు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మందులన్నీ చేతి బ్యాగులో, డాక్టర్ చీటీతో. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు టైము తేడాకి డోసులు ఎలా సర్దుకోవాలో బయల్దేరేముందే డాక్టర్‌ని అడగాలి. దీన్ని విమానంలో కూర్చుని ఊహించొద్దు. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఇంత పొడుగు ప్రయాణాల్లో నిజంగానే ఉంది, కాబట్టి రెండు గంటలకోసారి లేచి నడవండి, కూర్చున్నచోటే మడమలు ఆడించండి. వెరికోస్ వెయిన్స్ (కాళ్ళలో ఉబ్బిన నరాలు) ఉన్నవాళ్ళు బిగుతు సాక్సుల గురించి డాక్టర్‌ని అడగండి. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. బాత్రూంకి లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగకుండా కూర్చుంటారు మన ఆడవాళ్ళు, దానికి మందు ఒక్కటే: నడవ పక్క సీటు.

జెట్‌లాగ్ ఎన్నాళ్ళు ఉంటుంది?

వారం, ఒక్కోసారి పది రోజులు. పగలు రాత్రీ దాదాపు తారుమారైపోతాయి కాబట్టి అటు వెళ్ళినా ఇటు వచ్చినా తప్పదు. మొదటి వారం రాత్రి రెండింటికి వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తే కంగారుపడకండి, అమ్మ కాఫీ పెట్టుకుంటోంది. దిగిన రోజు పగలు పడుకోనివ్వకుండా, సాయంత్రం ఎండలో కాసేపు నడిపిస్తే త్వరగా సర్దుకుంటుంది.

విజయవాడ, కరీంనగర్ లాంటి ఊళ్ళ నుంచి బయల్దేరితే మొత్తం ఎంత?

విజయవాడ నుంచి శంషాబాద్‌కి కార్లో ఐదు గంటలు వేసుకోండి, పండగ రోజుల్లో హైవే మీద ఇంకా ఎక్కువ. కరీంనగర్ నుంచి నాలుగు. విమానాశ్రయంలో నాలుగు గంటల ముందు ఉండాలి. విమాన ప్రయాణం 23 గంటలనుకుంటే దానికి ఇవి కలపండి, డాలస్‌లో బయటపడటానికి గంటన్నర, అక్కడి నుంచి శివారు ఊళ్ళైన ఫ్రిస్కో, ప్లానో వైపైతే ముప్పావు గంట. విజయవాడ నుంచైతే గుమ్మం నుంచి గుమ్మానికి ముప్పై నాలుగు గంటల పైమాటే. అందుకే తెల్లవారుజాము విమానమైతే ముందురోజు మధ్యాహ్నానికే హైదరాబాద్ చేరి, బంధువులింట్లో ఓ కునుకు తీసి వెళ్ళడం మంచిది.

టికెట్లు ఎప్పుడు తక్కువ?

ఫిబ్రవరి, మార్చి మొదట్లో, సెప్టెంబర్‌లో. మే నుంచి ఆగస్టు దాకా, డిసెంబర్‌లో మండిపోతాయి. ఆగస్టులో విద్యార్థులు ఒక్కసారిగా బయల్దేరతారు, ఆ నెలలో పెద్దవాళ్ళని పంపకపోవడమే మేలు.

తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళు ఎన్నింటికి రావాలి?

విమానం దిగిన గంటకి. అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ డి దగ్గరికి వస్తాయి. ఎంత త్వరగా అన్నా ఇమ్మిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్ అయ్యేసరికి గంట. ఒకేసారి మూడు నాలుగు పెద్ద విమానాలు దిగితే రెండు గంటలు. ఇమ్మిగ్రేషన్ హాల్లో ఫోన్ వాడనివ్వరు, కాబట్టి ఆ సమయంలో అమ్మ ఫోన్ ఎత్తడం లేదని గాబరా పడొద్దు. విమానం నంబర్ కొట్టి ఏ యాప్‌లోనైనా దిగిందో లేదో చూసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి కూడా ఆ నంబర్ పంపించండి. పైన చెప్పిన జులై ఉదాహరణలో డాలస్‌లో సాయంత్రం 4 అంటే ఇక్కడ రాత్రి రెండున్నర, దిగారన్న కబురు కోసం ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు.